కిటికీకి వేలు పట్టేంత సందు

“ఈ కిటికీ ఎవరు మూసేరు?”

“నేనే మూసేను. పసిబిడ్డ ఉన్న గది. పొగమంచు లోపలికొచ్చి మంచమ్మీద కూర్చుంటోంది.”

“సందులో ఈ తువ్వాలేంటి?”

“అదీ నేనే కుక్కేను. ఊళ్లోవాళ్లొచ్చి కుక్కుతారా?”

“మేస్త్రీ ఏం చెప్పేడమ్మా? ఈ కిటికీ ఎప్పుడూ ముయ్యొద్దని చెప్పేడా, లేదా?”

“చెప్పేడు. ఆయన మగాడు. బాలింతరాలి ఒంటికి చలి తగిలితే ఏమవుద్దో ఆయనకేం తెలుసు? నాలుగు పురుళ్లు పోసుకున్నాను నేను. నాలుగూ కుంపటి పక్కనే.”

“తప్పుకో ముందు. తల పగిలిపోతోంది నాకు. లేద్దామంటే కాళ్లు రావట్లేదు. పిల్లని చూడు, ఎంత తట్టినా నోరు తెరవట్లేదు.”

“నిద్రపోయే బిడ్డని తడితే తాగుద్దా?”

మా అమ్మాయి నన్ను మోచేత్తో పక్కకి నెట్టి కిటికీ రెండు రెక్కలూ తెరిచేసింది. తువ్వాలు కింద పడింది. బిడ్డని దుప్పటితో సహా ఎత్తుకుని గది బయట మేడ మీదికి నడిచింది. నడిచిందని చెప్పాను కానీ గోడ పట్టుకుని వెళ్లింది. మధ్యాహ్నం మూడు గంటలు. సౌదీలో ఈ అభా కొండ మీద పొగమంచు పట్టి పిట్టగోడ కూడా కనపడడం లేదు. ఆ తెల్లటి మంచులో నిలబడి రెండు నెలల పిల్ల అరికాళ్లు వేలితో గీకుతోంది. చాలాసేపటికి బిడ్డ ఏడ్చింది.

ఆ ఏడుపు విన్నాక నాకు ముందు కోపమే వచ్చింది. ఆ మాట దాచను.

“చలిలో నిలబెట్టి ఏడిపిస్తున్నావు, తల్లివేనా?”

“ఏడవనీ. ఏడుస్తుంటే ఊపిరాడుతోందని తెలుస్తోంది.”

అది అన్నది నాకు అర్థం కాలేదు. బిడ్డని భుజానేసుకునే లోపలికి వచ్చి, ఇనప పొయ్యి ముందు వంగి, అద్దం తలుపులోంచి చూసింది.

“నిప్పు మీద బూడిద కప్పేవా?”

“ఆరిపోకుండా కప్పేను. సాయంత్రానికి కదిపితే మళ్లీ రాజుకుంటది. కట్టెలు చెట్టుకి కాస్తున్నాయా?”

“గొట్టంలో రేకు కూడా మూసేవు.”

“వేడంతా పైకి పోతోంది. ఆకాశాన్ని కాచడానికా కట్టెలు కొన్నది?”

“మరి అలారం ఎందుకు మోగలేదు?” అంటూ గోడకున్న తెల్లటి డబ్బా తీసి వెనక్కి తిప్పింది. లోపల ఖాళీ. “సెల్లులేవమ్మా?”

“గడియారం ఆగిపోయింది.”

మా అమ్మాయి గోడ గడియారం వైపు చూసింది. అది టకటకా తిరుగుతోంది. తర్వాత నేలమీదే కూలబడింది.

“రేపు పొద్దున ఏడింటికి నేను డ్యూటీలో ఉండాలి. దీన్ని నీ చేతుల్లో పెట్టడానికే కదా నిన్ను రప్పించుకున్నాను. ఎలా పెట్టను? నువ్వే చెప్పు.”

“పెట్టకపోతే మానెయ్యి. బతిమాలేనా నేను?”

“ఇలా పోయినవాళ్లని ఎమర్జెన్సీలో చూసేనమ్మా. చలికాలం వస్తే తెస్తారు. గదిలో బొగ్గులు పెట్టుకుని, తలుపులు బిగించుకుని పడుకుంటారు. ఆ విషగాలికి పొగుండదు, వాసనుండదు. తలనొప్పంటారు, కళ్లు మూతలు పడతాయి, అంతే. చూస్తే చచ్చిపోయినట్టే ఉండరు. కొందరికి బుగ్గలు ఎర్రగా, రంగు పూసినట్టుంటాయి.”

ఏభై ఏళ్లు దాటింది అలాంటి బుగ్గలు నేను చూసి.

ఆ బుగ్గల సంగతి తర్వాత చెబుతాను. ముందు ఈ పొయ్యి ఆ ఇంట్లోకి ఎలా వచ్చిందో చెప్పాలి.

మా అమ్మాయి అక్కడ ఆసుపత్రిలో నర్సు. అల్లుడు కరెంటు పని చేస్తాడు. ఇద్దరూ అభాలోనే మంచి ఇంట్లో ఉండేవారు. సొంత దేశంవాళ్లకి ఉద్యోగాలివ్వని కంపెనీలకి రంగులేసే నితాఖత్ చట్టం వచ్చాక అల్లుడి కంపెనీ ఎర్ర రంగులో పడింది. ఆ రంగులో పడిన కంపెనీలో ఎవరికీ ఇకామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, పొడిగించరట. ఇకామా లేనివాడు అక్కడ ఉన్నా లేనట్టే లెక్క. అతను కఫీలుని, అంటే పూచీపడే యజమానిని, మార్చుకుని, కొండ దిగి జిజాన్‌లో పనికి చేరాడు. అక్కడ సముద్రం, ఉక్క. ఇక్కడ కొండ, చలి. వారానికోసారి పైకి వచ్చి వెళ్లేవాడు. ఆ పైన కుటుంబాల మీద లెవీ అనే పన్ను పడింది. మనిషి తలకింత. ఇకామా కావాలంటే ముందు అది కట్టాలి. పుట్టబోయే బిడ్డకి కూడా తల ఉంటుంది కదా. అందుకని ఆ ఇల్లు వదిలేసి ఒక అరబ్బు ఇంటి మేడ మీద ఉన్న రెండు గదుల్లోకి మారారు. నేను విజిట్ వీసా మీద వచ్చేసరికి అక్కడే ఉన్నారు. మూడు వైపులా గాలి. దూరంగా జునిపర్ చెట్లు, కుక్కమూతి కోతులు.

పెద్దగదిలో గోడకి ఒక పొయ్యి గూడు ఉంది. పూర్వం ఇంటివాళ్లు చుట్టాలొస్తే కూర్చోబెట్టడానికి కట్టుకున్నది. రాయి బాగా చెక్కారు గానీ వెలిగిస్తే పొగంతా గదిలోకే. నాకు ఆ గూడు చూడగానే నచ్చలేదు. పనికిరాని పొయ్యి ఇంట్లో ఉండకూడదు.

ఆ నెలల్లో మన కుటుంబాలు ఇక తిరిగి రాకుండా ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని వరసపెట్టి వెళ్లిపోతున్నాయి. ఏ వీధిలో చూసినా మంచాలు, ఫ్రిజ్‌లు, పిల్లల సైకిళ్లు బయట పెట్టి అమ్ముకుంటున్నారు. అలా వెళ్లిపోతున్న ఒక ఇంట్లో అల్లుడికి ఈ ఇనప పొయ్యి దొరికింది. ఇది గూట్లో పట్టే పెట్టెలాంటిది. ముందు అద్దం తలుపు, కింద గాలి వచ్చే చిల్లులు, పైన గొట్టం తగిలించే కంఠం, ఆ కంఠంలో తిప్పితే తెరుచుకునే, మూసుకునే రేకు. సగం కట్టెకి సరిపడా వేడి గదికిస్తుందని అల్లుడన్నాడు. సగం కట్టె అన్నాక నేనింకేం మాట్లాడలేదు.

తెచ్చిన రోజు తలుపు తీశాను. లోపల ఆ ఇంటివాళ్ల బూడిద అలాగే ఉంది. సగం కాలిన దుంగ ఉంది. బూడిద కెలికితే పిల్లలు పెన్సిల్ చెక్కుకునే చిన్న ఇనప మర దొరికింది. ఏ పిల్లో, ఏ పిల్లాడో కోపమొచ్చి విసిరేసి ఉండాలి. తోమితే బాగానే ఉంది, దాచాను. కానీ ఆ బూడిద పారబోసేటప్పుడు మాత్రం ఎవరో తలుపు దగ్గర నిలబడి చూస్తున్నట్టు అనిపించింది. వెళ్లిపోయిన వాళ్ల పొయ్యి మన ఇంట్లో పెట్టుకుంటే ఆ వెళ్లిపోవడం కూడా వెంట వస్తుందేమో అనుకున్నాను. ఎవరితోనూ అనలేదు.

బిగించడానికి కడప వైపు నుంచి వచ్చిన ముస్లిం మేస్త్రీ ఒకాయన వచ్చాడు. ఇకామాలో ఆయన పని డ్రైవరని ఉంటుందట, చేసేది తాపీ పని. తనిఖీల భయంతో పని సామాను సంచిలో దాచుకుని మెట్లెక్కాడు. భార్యాపిల్లల్ని లెవీ పడగానే ఇండియా పంపేశానని చెప్పాడు.

పొయ్యి పెట్టేసి వెళ్లిపోతాడనుకుంటే ఆయన ముందు గూట్లో తల దూర్చి, టార్చి వేసి పైకి చూశాడు.

“పెద్దమ్మా, దీంట్లో పావురాలు కాపురం పెట్టినాయి. ముందు వాటిని ఖాళీ చేయించల్ల.”

పైనుంచి బ్రష్షు దింపితే పుల్లలు, ఈకలు, తారులా గట్టిపడ్డ మసి తట్టెడు పడింది. ఆ మసికి నిప్పంటుకుంటే పొగగూడంతా కొలిమిలా మండుతుందని, ఏటా ఒకసారైనా గీకించాలని చెప్పాడు. తర్వాత పెట్టె మీద నుంచి పాత పొగగూట్లోంచి మేడ దాటేవరకు స్టీలు గొట్టం దించాడు. ఒక గొట్టంలో ఒకటి గుచ్చేటప్పుడు పైదాని మూతి కిందిదానిలోకి దిగేలా గుచ్చాడు. అలాగైతే కారిన తారు మళ్లీ నిప్పులోకే పడుతుంది గానీ సందుల్లోంచి బయటికి రాదు. గొట్టం కొనకి టోపీ పెట్టి, జల్లెడ చుట్టి, తీగెతో నాలుగు చుట్లు బిగించాడు.

“అంత తీగె దేనికి?” అని అల్లుడు అడిగాడు.

“కోతులకి సారూ. టోపీ ఎత్తుకపోయి పెండ్లికొడుకు మాదిరి పెట్టుకుంటాయి.”

పెట్టె చుట్టూ సందుల్లో మంట తట్టుకునే దూది లాంటిది కుక్కాడు. ముందు నేలమీద కార్పెట్ కోసేసి రాళ్లు పరిచాడు. మంచం, తెరలు, బట్టలారేసే తాడు, అన్నీ మూడు మూరల దూరం జరిపించాడు. గాలి చెడితే అరిచే అలారం డబ్బాని అల్లుడి చేత కొనిపించి, మంచానికి దగ్గరగా గోడకి కొట్టాడు. మొదటి మూడు మంటలు చిన్నవే వెయ్యాలని, కిటికీలన్నీ తీసి వెయ్యాలని, ఇనుము రంగు కాలి వాసనొస్తుందని అన్నాడు. చివరికి ఊదుకడ్డీ వెలిగించి తీసిన తలుపు ముందు పట్టుకున్నాడు. పొగ లోపలికి వంగి గొట్టంలోకి పోయింది.

“సూసినావా? ఇట్ల లోపలికి పోతాంటే నిప్పెయ్యి. బయటికి తిరిగిందంటే ఆ పొద్దు వద్దు. మబ్బు దిగిన దినం పొగ పైకి లేయదు, ఆ దినం శానా జాగ్రత్త. ఎండిన కట్టె తప్ప ఇంకోటి ఎయ్యొద్దు. నిప్పు పూర్తిగా చల్లారిందాకా ఈ రేకు ముయ్యొద్దు. ఈ కిటికీకి ఏలు పట్టేంత సందు ఎప్పుడూ ఉండల్ల.”

“చలి రాదా బాబూ?”

“వస్తాది. చలికి దుప్పటి ఉండాది పెద్దమ్మా. దానికి మందు లేదు.”

దేనికి అని నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది. ఊదుకడ్డీల పాకెట్టు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

నేను మూడో తరగతి వరకే చదివాను. చదువు లేని లోటు పొయ్యి దగ్గర ఎప్పుడూ తెలియలేదు. ఆరేళ్ల వయసు నుంచి నిప్పుతోనే ఉన్నాను. తడి కట్టెతో వంట చేశాను, ఊకతో చేశాను, తాటి మట్టలతో చేశాను. వంటయ్యాక నిప్పుల మీద బూడిద కప్పడం, మర్నాడు ఆ బూడిద తీసి ఊది మంట చేసుకోవడం, ఒక్క అగ్గిపెట్టె నెలంతా రావడం, ఇవి నా గొప్పలు. కోడళ్లకి కూడా అలాగే నేర్పాను. నిప్పు గురించి నాకు ఇంకొకరు చెప్పడమేమిటి?

మొదటి పదిరోజులు మేస్త్రీ చెప్పినట్టే చేశాను. తర్వాత నా చెయ్యి నా మాటే విన్నది. కూరగాయల దుకాణం వెనక పారేసిన రంగు చెక్కలు తెచ్చాను. మా అమ్మాయి చూసి తిట్టి బయట పడేసింది. కట్టెల దుకాణంలో దుంగలు బరువు చూసి కొనేదాన్ని. తడి కట్టె బరువుంటుంది, ఎండింది తేలిగ్గా ఉంటుంది, రెండు కొట్టి చూస్తే మోత వస్తుంది. అది నాకు తెలుసు, అందులో మోసపోలేదు. బూడిద మూత ఉన్న ఇనప బకెట్టులో పోసి మేడ మీద పెట్టేదాన్ని. అదీ తప్పలేదు. కానీ గొట్టంలోంచి వేడి పైకి పోతుంటే మాత్రం కట్టెల డబ్బు పైకి పోతున్నట్టే ఉండేది. మెల్లగా రేకు సగం మూశాను. ఏం కాలేదు. ముప్పావు మూశాను. ఏం కాలేదు. అలారం ఒకరోజు కీచుమంది, కిటికీ తీస్తే ఆగింది. దానికి జబ్బు చేసిందనుకున్నాను. గడియారం ఆగినప్పుడు దాని సెల్లులు తీసేశాను. అరిచేదాని కంటే టైము చెప్పేది మేలు కదా అనుకున్నాను.

ఇంకోటి కూడా ఉంది. పొయ్యి వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో మా అక్క తిరుగుతోంది.

తిరుగుతోందంటే కంటికి కనపడిందని కాదు. మా అమ్మాయి అద్దం తలుపు ముందు మంచం మీద పడుకుని, పక్కన బిడ్డ, ఆ ఎర్రటి వెలుగు ఇద్దరి ముఖాల మీద పడి కదులుతుంటే, నేను వంటగదిలోంచి గదిలోకి అడుగుపెట్టలేకపోయేదాన్ని. గడప దగ్గర ఆగిపోయేదాన్ని. ‘తలుపు తియ్యవే’ అని వినపడేది. మా అక్క గొంతే. ఎన్నడూ ముసలిది కాని గొంతు. వెంటనే వెళ్లి గది తలుపు ఇంకాస్త గట్టిగా వేసేదాన్ని. దయ్యం పట్టి పోయిన మనిషి పురిటి మంచం చుట్టూ తిరుగుతుందని మా ఊళ్లో అనేవారు. మాది ఏసుప్రభువుని నమ్ముకున్న కుటుంబం, అలాంటివి నమ్మకూడదు. పగలు నమ్మేదాన్ని కాదు.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. తొలి కానుపుకి పుట్టింటికి వచ్చింది. అప్పటికి మాది తాటాకిల్లు. నాన్న దాని పక్కనే కొత్తగా ఒక సిమెంటు గది కట్టాడు. పెద్దకూతురు అందులో పురుడు పోసుకోవాలని ఆయన ముచ్చట. గోడకి చిల్లు లేని గది, కొత్త తలుపు. అందరూ మెచ్చుకున్నారు. మగపిల్లాడు పుట్టాడు. పదకొండో రోజున తుఫాను వాన పట్టుకుంది. అమ్మ కొబ్బరిచిప్పల బొగ్గులతో కుంపటి నింపి, సాంబ్రాణి వేసి, మంచం కింద పెట్టమని నాకిచ్చింది. “తలుపెయ్యి, ఈదురు కొడుతోంది,” అంది. నాకప్పుడు పన్నెండేళ్లు. బాధ్యత ఇస్తే పొంగిపోయే పిల్లని. కుంపటి పెట్టాను. తలుపు వేశాను. తలుపు కింద సందులోంచి నీళ్లు, చలి వస్తున్నాయని, ఎవరూ చెప్పకుండానే గోనెసంచి నాలుగు మడతలు పెట్టి ఆ సందులో కుక్కాను. తలుపు బయటే పీట వేసుకుని కాపలా కూర్చున్నాను.

“తలనొప్పిగా ఉందే. తలుపు తియ్యవే కాసేపు,” అంది లోపలినుంచి అక్క.

“బాలింతరాలివి. చలి తగలకూడదు. అమ్మ తంతాది,” అన్నాను.

“తియ్యవే.”

తియ్యలేదు. ఇంకోసారి పిలవలేదు. నిద్రపోయిందనుకున్నాను. వాన తగ్గాక అమ్మ గంజి పట్టుకొచ్చి తలుపు తీసింది.

ఇద్దరూ పడుకున్నట్టే ఉన్నారు. అక్కవి ఎప్పుడూ పాలిపోయిన బుగ్గలు. ఆ రోజు మాత్రం పెళ్లికూతురికి ఉన్నంత ఎరుపు. పిల్లాడికీ అంతే. చూసినవాళ్లంతా ఆ ఎరుపు చూసి భయపడ్డారు. చచ్చినవాళ్లకి రంగు రావడమేమిటి, దయ్యం రక్తం తాగి ముఖానికి పూసి వెళ్లిందన్నారు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. ఆ గదిలో మళ్లీ ఎవరూ పడుకోలేదు. నాన్న తాళం వేశాడు. తర్వాత నా పురుళ్లన్నీ తాటాకు పాకల్లో, ఆకు సందుల్లోంచి చుక్కలు కనపడే ఇళ్లలో అయ్యాయి. కుంపటి పెట్టుకున్నా ఎవరికీ ఏం కాలేదు. అందుకే తప్పు కుంపటిది అని నాకెప్పుడూ తోచలేదు. గోనెసంచి మాట ఎవరికీ చెప్పలేదు. అది తప్పని తెలిసి కాదు. తలుపు తియ్యలేదన్న మాట బయటికి వస్తుందని.

మా అమ్మాయి బుగ్గల మాట అన్నాక నేను పొయ్యి ముందే నిలబడిపోయాను. అది మాత్రం ఆగలేదు. భుజం మీద బిడ్డని పట్టుకునే ఫోనులో ఆసుపత్రితో మాట్లాడి, టాక్సీ పిలిచింది. “నువ్వూ రా. నువ్వూ పీల్చేవు,” అంది. వెళ్లే ముందు తలుపులన్నీ బార్లా తెరిచింది.

ఆసుపత్రిలో ముగ్గురికీ రక్తం తీశారు. ముగ్గురికీ ముక్కు మీద ఆక్సిజన్ పెట్టారు. బిడ్డకి పెట్టిన మాస్కు నా అరచేతికంటే చిన్నది. డాక్టరు ఏదో అన్నాడు, మా అమ్మాయి అరబ్బీలోనే జవాబు చెప్పింది. ఎక్కువ లోపలికి పోలేదట, సమయానికి బయటికి తెచ్చారట. కాసేపటికి బిడ్డ పాలు తాగింది. తాగే చప్పుడు నా మంచం వరకు వినపడింది.

అప్పుడు చెప్పాను. మాస్కులోంచి చెప్పడం వల్ల ప్రతి మాటా రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. కుంపటి, సిమెంటు గది, గోనెసంచి, ‘తలుపు తియ్యవే’. ఎప్పుడో పోయిన పెద్దమ్మ ఒకావిడ ఉందని మాత్రమే మా అమ్మాయికి తెలుసు.

మా అమ్మాయి బిడ్డ దుప్పటి సర్దింది. తర్వాత, “నీకప్పుడు ఎన్నేళ్లు?” అంది.

“పన్నెండు.”

“గోనెసంచి అమ్మమ్మే కుక్కమందా?”

“మా అమ్మ తలుపు వెయ్యమంది. గోనె నేనే కుక్కేను.”

“ఇప్పుడు నీకెన్నేళ్లు?”

ఆ అడగడంలో కోపం లేదు. అందుకే ఎక్కువ తగిలింది.

ఇంటికి వస్తూ టాక్సీలో తన లెక్క చెప్పింది. ఇవాళ్టితో సెలవు అయిపోయింది. పొడిగించమంటే, మనవాళ్ల కాంట్రాక్టులే ఒక్కొక్కటీ ఆపేస్తున్న రోజులు, అడిగినవాళ్లనే ముందు పంపుతారు. అల్లుడి కొత్త ఇకామా ఇంకా చేతికి రాలేదు. బిడ్డని నా దగ్గర వదలలేకపోతే, నాతో పాటు దాన్ని కూడా విమానం ఎక్కించి ఇండియా పంపెయ్యాలి. తల్లి పాలు ఇక్కడ, పిల్ల అక్కడ.

“ఆలోచించుకుంటాను,” అంది.

“ఆలోచించుకో,” అన్నాను. బతిమాలడం నాకు అప్పటికీ రాలేదు.

దిగాక వీధి కొట్టులో కొత్త సెల్లులు కొంది. నేను గడియారంలోవి తీసివ్వబోయాను. “అవి సగం అయిపోయినవి. వద్దు,” అంది. అంత మాటకే నాకు సిగ్గేసింది. గడియారం జోలికి మళ్లీ వెళ్లలేదు.

మర్నాడు తెల్లవారుజామున లేచాను. పొయ్యిలో బూడిద పూర్తిగా చల్లారింది. చెయ్యి పెట్టి చూసి, బకెట్టులోకి ఎత్తి, బయట పెట్టి మూత వేశాను. రేకు బార్లా తెరిచాను. కిటికీ సందులో నా చూపుడు వేలు పెట్టి చూశాను, పట్టింది. అద్దం తలుపు తీసి ఊదుకడ్డీ వెలిగించి ముందు పట్టుకున్నాను. పొగ కాసేపు అటూ ఇటూ ఊగి, గదిలోకి తిరిగింది. బయట ఇంకా మంచు దిగే ఉంది.

వెనక యూనిఫాంలో మా అమ్మాయి నిలబడి చూస్తోందని నాకు తెలియదు.

“మరేం చేస్తావు ఇప్పుడు?” అంది.

“నిప్పు వెయ్యను.”

“చలిగా ఉంది కదా.”

“దుప్పటి ఉంది.”

అలారం డబ్బా తీసి నా చేతికిచ్చి, మీట నొక్కమంది. నొక్కాను. చెవులు పగిలేలా అరిచింది, బిడ్డ ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. మా అమ్మాయి డబ్బాని గోడకి తగిలించి, బిడ్డని ఎత్తి, పాలు పట్టి, నా ఒళ్లో పెట్టింది. సెల్లుల పాకెట్టులో మిగిలిన రెండూ తన బ్యాగులో వేసుకుంది. కింద ఆసుపత్రి బస్సు హారను కొట్టింది. మెట్లు దిగి వెళ్లిపోయింది.

పదింటికి ఫోను చేసింది. బిడ్డ లేచిందా అని అడిగింది. లేపేనని చెప్పాను.

పొయ్యి నల్లగా, ఖాళీగా ఉంది. బిడ్డని రెండు దుప్పట్లలో చుట్టి కిటికీకి దూరంగా పట్టుకుని కూర్చున్నాను. చలికి దాని బుగ్గలు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు చూసి ఆ పూట మూడుసార్లు లేపాను. మూడుసార్లూ ఏడ్చింది.